రంగుల కార్డు

దసరా పండుగ నాడు నా కోడలు సరోజన నా వల్ల దెబ్బలు తిన్నది. ఆ రోజుకు ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు, నాకూ ఆమెకూ. కొట్టిన నా కొడుకు రాయమల్లుకు తెలియదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మంచిర్యాల పక్కన నస్పూర్‌లో, బొగ్గుబాయి కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త దొడ్డి. నా భర్త గట్టయ్య బాయిలో పైకప్పు కూలి మీద పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగం చిన్నకొడుకు రాయమల్లుకు ఇచ్చారు. అది తనకు రావలసిందని పెద్దకొడుకు లింగమూర్తి తమ్ముడితో కలబడ్డాడు. వాకిట్లో ఇద్దరూ రక్తాలు కారేలా కొట్టుకున్నారు. తెల్లారి లింగమూర్తి భివండీలో మగ్గాల పనికని బస్సెక్కాడు. కిటికీ పక్కనే కూర్చున్నాడు, అయినా నా వైపు చూడలేదు. పదకొండేళ్లయింది. ఉత్తరం ముక్క లేదు.

అప్పటి నుంచి బస్సు హారన్ వింటే చాలు, ఇంట్లో ఎవరున్నారో చూసుకునేదాన్ని. ఇంట్లో ఎవరైనా సంచి చేతిలోకి తీసుకుంటే, కూరగాయలకే అయినా, ఎక్కడికి అని మూడుసార్లు అడిగేదాన్ని. కొట్టుకోనీ, తిట్టుకోనీ, పొద్దున లేచేసరికి ముగ్గురం ఇంట్లో ఉండాలి. నాకు కావలసింది అంతే. దాని కోసం చాలా చూశాను, చాలా చూడనట్టున్నాను.

రాయమల్లు మొదటి నుంచీ చెయ్యి చేసుకునేవాడే. అయితే మూడేళ్ల కింద బాయిలో పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల నడుమ పడి అతని కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. కిందికి దిగే పని పోయింది. బాయి పైన లాంపు రూములో కూర్చోబెట్టారు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకుని తుడిచి పెట్టడం, అదే పని. ఆ తరువాత అతను కొట్టే తీరు మారింది. అంతకు ముందు కోపంతో కొట్టేవాడు. ఇప్పుడు కోపం లేకుండా కూడా కొట్టేవాడు.

అదే మూడేళ్లలో సరోజన చేతికి పని పెరిగింది. పది దాకా చదువుకున్న పిల్ల. మంచిర్యాలలో చొక్కారావు అనే ఆయన కంప్యూటర్ షాపులో టైపు పనికి పోయి అన్నీ నేర్చుకుంది. ఆయన షాపులోకి కొత్తవి తెచ్చినప్పుడు, పసుపురంగుకు తిరిగిన పాత కంప్యూటర్ ఒకటి ఈమెకు ఇచ్చాడు. ముందు గదిలో బల్ల వేసి పెట్టుకుంది. పెళ్లికార్డులు, బడి పరీక్ష పేపర్లు, దశదినకర్మ కార్డులు, అన్నీ ఇక్కడికే వచ్చేవి. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ తెర మీదే. పప్పు ఏరుతూ పక్కన కూర్చుని, పెద్ద పెద్దగా పడే అక్షరాలను కూడబలుక్కునేదాన్ని. మొదట పెళ్లికార్డుల మీది పేర్లు చదవడం వచ్చింది. చావు కార్డులు తరువాత.

కంప్యూటర్ పాతది కావడంతో ఒక చిక్కు ఉండేది. రాతపని బాగానే చేసేది, ఫొటో పెడితే మాత్రం పాడు చేసేది. మనిషి ముఖమంతా మచ్చలు మచ్చలుగా, అతుకులు వేసినట్టు కనిపించేది. పక్క క్వార్టర్ సక్కుబాయి ఒకసారి తెరలోకి తొంగి చూసి చెంపలు వేసుకుంది.

"అగ బాయీ! గీయనకు అమ్మోరు పోసిందా ఏందే సరోజనా?"

"అమ్మోరు గాదు పెద్దమ్మా," అని నవ్వింది సరోజన. "దీనికి రంగులు రెండు వందల యాభై ఆరే ఎరుక. మనిషి మొకానికి గవి సాలయి."

"మా ఆయన మొకానికి రెండు సాలు. నలుపొకటి, కల్లు తాగినంక ఎరుపొకటి."

లోపల బొమ్మలు చూపించే కార్డు ఒకటి ఉంటుందనీ, అది మారిస్తే లక్షల రంగులు కనిపిస్తాయనీ సరోజన నాకు చెప్పింది. కొండల్‌రావు అనే కాంట్రాక్టర్ తన తల్లి జానకీబాయి సంవత్సరీకానికి రంగుల ఫొటోలతో ఒక పుస్తకం వేయిస్తానన్నాడు. ఆ పని బాగా వస్తే ఇంకెన్నో వస్తాయి. కార్డు మార్చక తప్పదని చొక్కారావుకు చెప్పి హైదరాబాద్ నుంచి తెప్పించమంది.

కొండల్‌రావు రెండు మూడుసార్లు ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, తల్లి ఫొటోలు ఏవి పెట్టాలో చూపించి పోయాడు. నేనూ అక్కడే ఉన్నాను. అరవై ఏళ్ల మనిషి, తల్లి పేరెత్తితేనే కళ్లు తుడుచుకునేవాడు. ఆయన పోయిన తరువాత రాయమల్లు వచ్చి ఆ కుర్చీ వైపు చూశాడు.

"గీ కుర్చి గింత దగ్గర ఎందుకున్నది?"

"ఫొటోలు సూడాలె గద," అంది సరోజన.

"దూరం నుంచి కండ్లు కనపడయా ఆయనకు?"

ఆమె జవాబు చెప్పే లోపలే అతని చెయ్యి లేచింది. తల గోడకు తగిలిన చప్పుడు వంటింట్లో నాకు వినిపించింది. నేను పొయ్యి మీద గిన్నె దించి, మళ్లీ ఎక్కించాను. ఎందుకు దించానో, ఎందుకు ఎక్కించానో నాకే తెలియలేదు.

దసరాకు ముందు రోజు కార్డు వచ్చింది. అరచేతి కంటే కాస్త పెద్దది. వెండిలా మెరిసే కవరులో ఉంది. సరోజన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూపించింది. "తడి చేతులతోటి ముట్టుకోవద్దు అత్తమ్మా. జర పైలం," అని బల్ల సొరుగులో పెట్టింది.

మా ఇళ్లలో దసరా పొద్దున పనిముట్లన్నిటికీ బొట్టు పెడతాం. కత్తిపీట, గొడ్డలి, సైకిలు, తిరగలి, ఏదీ విడిచిపెట్టం. బాయి మీద కూడా ఆ రోజు పెద్ద ఇంజనుకు పసుపు పూసి, దండ వేసి, మేకపోతును కోస్తారు. పూజ చేయని పనిముట్టు మనిషిని మింగుతుందని మా అత్త చెప్పేది. గట్టయ్య పోయిన సంవత్సరం నాకు జ్వరం వచ్చి పూజ చేయలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు గానీ నేను మరిచిపోలేదు.

సరోజన నల్లా దగ్గరికి నీళ్లకు పోయింది. నేను స్నానం చేసి అన్నిటికీ బొట్టు పెట్టాను. కంప్యూటర్ డబ్బాకు కూడా పెట్టాను. అప్పుడు సొరుగులో ఉన్న కార్డు గుర్తొచ్చింది. కొత్తగా ఇంట్లోకి వచ్చిన పనిముట్టు, దాన్నెట్లా విడిచిపెట్టను? కవరులోంచి తీశాను. ఒక అంచున బంగారు పళ్లు వరుసగా ఉన్నాయి. అదే దాని ముఖం అనుకున్నాను. పసుపు తడిపి ఆ పళ్ల వెంట రాశాను, కుంకుమ అద్దాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీద చల్లాను. ఈ పిల్లను మింగొద్దు తల్లీ అని మొక్కాను.

చల్లిన తరువాత సరోజన చెప్పిన మాట గుర్తొచ్చింది. చీర కొంగుతో గబగబా తుడిచాను. పైకి ఏమీ కనిపించడం లేదని తృప్తి పడి, మళ్లీ కవరులో పెట్టి సొరుగు మూశాను.

అన్నాలు తిన్నాక సరోజన పనికి కూర్చుంది. రాయమల్లు బాయి మీద పూజకు పోయి ఇంకా రాలేదు. ఆమె డబ్బా మరలు విప్పి రేకు తీసింది. లోపల బొగ్గు దుమ్ము మెత్తగా, నల్లటి దూదిలా పేరుకుని ఉంది. రంగులు వేసే కుంచెతో దాన్ని మెల్లగా ఊడ్చింది. తరువాత లేచి కిటికీ ఊచను కాసేపు పట్టుకుని నిలబడింది.

"గదెందుకే?"

"ఒంట్ల కరెంటు ఉంటది అత్తమ్మా. గది ఇనుములకు పోవాలె. లేకుంటే కార్డు సస్తది."

పాత కార్డును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపి పైకి లాగింది. కొత్తది కవరులోంచి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, ఆ సందులో నిలబెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కింది. ఎముక విరిగినట్టు చప్పుడైంది. నేను ఉలిక్కిపడ్డాను. "గంతే, కూసున్నది," అంది.

స్విచ్చు వేసింది. తెర మీద ఏమీ రాలేదు. డబ్బా ఒకసారి పొడుగ్గా కూసింది, వెంటనే మూడుసార్లు పొట్టిగా కూసింది. పొయ్యిలో పసుపు పడితే వచ్చే వాసన ముక్కుకు తగిలింది. సరోజన ప్లగ్గు లాగేసింది.

కార్డు బయటికి తీసి వెలుగులో చూసింది. బంగారు పళ్ల సందుల్లో వేలితో రాసింది. వేలు ఎర్రగా, పచ్చగా అయింది. ఆ వేలు వైపు చూసి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆమె వేలు చీర అంచుకు తుడుచుకుంది. "అత్తమ్మా, నువ్వు దీన్ని ముట్టలే. నేనే సక్కగ పెట్టలే. ఎవరడిగినా గట్లనే చెప్పు," అంది.

అప్పుడే రాయమల్లు వచ్చాడు. నుదుట మేక రక్తం బొట్టు ఉంది, ఎడమ చేతిలో జమ్మి ఆకులు ఉన్నాయి. నోటి వాసన గడప దగ్గరే తెలిసింది. విప్పి ఉన్న డబ్బాను చూశాడు.

"ఏమైంది?"

"కాలినట్టున్నది," అంది సరోజన. "నాకు పెట్టరాలే."

"కొత్తదేనా కాలింది?"

"ఆఁ."

"లక్షల రంగులన్నవ్ గద? ఏవి? సూపియ్యి."

జమ్మి ఆకులు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. పండుగ ఆకులు కింద పడకూడదు. తరువాత ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని ఆ నల్లటి తెరకు వేసి కొట్టాడు. "సూపియ్యి. ఏ రంగున్నదో సూపియ్యి." రెండోసారి కొట్టాడు. మూడోసారికి పెదవి చీలి తెర మీద రక్తం గీతలా జారింది. ఆమె చేతులు బల్లను పట్టుకున్నాయి గానీ అతన్ని తొయ్యలేదు. కింద పడితే నడుము మీద తన్నాడు. చెప్పులు కూడా విడవలేదు.

నేను ద్వారం దగ్గర నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. నేనే చేశాను రా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక ఊపిరి చాలు. కానీ అంటే అతను నన్నేమంటాడో, తరువాత ఆమె నన్నేమంటుందో, ఈ ఇంట్లోంచి ఎవరు లేచి పోతారో అని భయపడ్డాను. నోరు మూసుకున్నాను.

అలిసిపోయి ఆగాడు. బల్ల మీది జమ్మి ఆకులు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. పండుగ నాడు ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం మా ఆచారం.

"బంగారం తీసుకో అవ్వా," అని నా చేతిలో పెట్టాడు. వంగి కాళ్లు మొక్కాడు. అతని మిగిలిన రెండు వేళ్ల మధ్య సరోజన వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అవి నా పాదాలకు తగిలాయి.

"సల్లగుండు బిడ్డా," అన్నాను. అలవాటైన నోరు అనేసింది. ఆమె కింద పడి ఉండగానే అన్నాను.

ఆ తరువాత రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. సరోజన ఒక కన్ను మూసుకుపోయింది. అయినా పని వదలలేదు. సక్కుబాయి చెల్లెలు దవాఖానలో ఆయా. ఆమెను అడిగి, సూదులు వేసే ముందు రాసే స్పిరిట్ ఒక చిన్న సీసాలో తెప్పించింది. పాత పళ్ల బ్రష్‌ను అందులో ముంచి కార్డు మీద, డబ్బాలోని సందులో మెల్లమెల్లగా తోమింది. బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దింది. రబ్బరు పచ్చగా అయింది. కార్డును నీడలో, బట్ట మీద ఆరబెట్టింది.

"గంత రుద్దుతున్నవ్, బతుకుతదా?" అని సక్కుబాయి అడిగింది.

"సచ్చిందో లేదో ఇంక సూడలే పెద్దమ్మా. తడికి మూర్ఛపోయిందేమో."

"నీ మొకం కంటే గా కార్డు మొకమే నయమున్నదే," అంది సక్కుబాయి. ఎప్పటిలా నవ్వించాలనే అంది గానీ తను నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వేమనవా అక్కా నీ కొడుకును?" అని అడిగింది.

"ఏమంట? ఇల్లన్నంక ఉంటయి," అన్నాను.

సక్కుబాయి కొంగు దులుపుకుని లేచి పోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సరోజన ఆ కార్డును పక్కనున్న ఇంకో సందులో పెట్టింది. స్విచ్చు వేసే ముందు కళ్లు మూసుకుంది. డబ్బా ఒకేసారి, పొట్టిగా కూసింది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. చొక్కారావు ఇచ్చిన ఫ్లాపీ పెట్టి ఏమేమో నొక్కింది. ఆపింది, మళ్లీ వేసింది. చివరికి జానకీబాయి ఫొటో తెరిచింది.

మచ్చలు లేవు. ముసలామె చెంపల మీద ముడతలు ఒక్కొక్కటీ కనిపించాయి. ముక్కుపుడకలో ఎర్రరాయి, దాని పక్కన చిన్న మెరుపు. కంటి కింద నీలం నరం. ఆమె ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టుంది. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు, అయినా పలకరించాలనిపించింది.

సరోజన నవ్వింది. చీలిన పెదవి మళ్లీ తెరుచుకుని నెత్తురొచ్చింది. నవ్వు ఆపుకోలేదు.

నాకు ఎంత బరువు దిగిందో చెప్పలేను. కార్డు బతికింది, పని నిలిచింది. రాయమల్లు కోపానికి కారణం పోయింది. ఇప్పుడిక నిజం చెప్పినా పరవాలేదు. చెబితే తను ఊరికే కొట్టానని తెలుసుకుని సిగ్గుపడతాడు. ఇల్లు సర్దుకుంటుంది. నేను అలాగే అనుకున్నాను. ముసలిదాన్ని, నా కొడుకును నేను ఎరుగుదును అనుకున్నాను.

మూడున్నరకు మొదటి షిఫ్టు అయి వచ్చాడు. ఆ రోజు తాగలేదు. వాకిట్లో సైకిలు నిలబెడుతుండగానే ఎదురుపోయాను.

"రాయమల్లూ, కార్డు బాగైంది బిడ్డా. కాలలే అది. తప్పు నాదిరా. దసరా నాడు నేనే దానికి పసుపు నీళ్లు, కొబ్బరి నీళ్లు సల్లిన. పాపం, పిల్ల నా పేరు చెప్పకుంట దెబ్బలు తిన్నది. రా, వచ్చి సూడు, ఎంత మంచిగొచ్చినయో రంగులు."

అతను నా మాట మొత్తం విన్నాడు. లోపలికి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. జానకీబాయి అతన్ని చూస్తోంది.

"నువ్వే చేసినవా?" అని సరోజనను అడిగాడు.

"ఆఁ."

"షాపాయన రాలే?"

"రాలే. నేనే చేసిన."

తల ఊపాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. దొడ్లోకి పోయాడు, కాళ్లు కడుక్కోవడానికి అనుకున్నాను. వచ్చేసరికి చేతిలో గడ్డపార ఉంది.

"మీ బాపు పనిముట్టు కద అది, ఇప్పుడెందుకురా?" అన్నాను. అంత తెలివిలేని మాట నా జన్మలో అనలేదు.

మొదటి దెబ్బకు తెర దబ్బున పేలింది. గాజు ముక్కలు గది అంతా ఎగిరాయి. నా చెవి దగ్గర ఒకటి కోసుకుపోయింది. రెండో దెబ్బకు బల్ల విరిగింది. సరోజన డబ్బాను రెండు చేతులా కౌగిలించుకుని కిందికి వంగింది. అతను గడ్డపార పారేసి ఆమె జడ పట్టి వెనక్కి లాగాడు.

"లాంపు రూముల ఏమంటున్నరో ఎరుకేనా? 'రాయమల్లన్నా, లాంపులు నువ్వు తుడువు, నీ పెండ్లాం దేవుండ్లకు రంగులేస్తది' అని నవ్వుతున్నరు. కంప్యూటర్ సరోజన మొగడంట నేను. నాకు పేరే లేదు!"

"గది నేనన్ననా? నన్నెందుకు కొడుతున్నవ్?" అని సరోజన అరిచింది. అతనికి ఎదురు మాట్లాడగా నేను అదే మొదటిసారి విన్నాను.

ఆమె కుడి మణికట్టు పట్టుకుని తలుపు దగ్గరికి ఈడ్చాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. మోకాళ్ల మీద పడి వెనక్కి గుంజుకుంది. తలుపుకూ ద్వారబంధానికీ నడుమ, మడత బందుల వైపు సందులో ఆమె వేళ్లు దూర్చాడు.

"గీ వేళ్లే గద! నాయి పోయినయి. నీయెందుకుండాలె?"

భుజంతో తలుపును నెట్టాడు.

ఆ చప్పుడు నేను చెప్పను. ఆమె అరుపుకు బయట కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి. అతను తలుపు మళ్లీ తెరిచాడు. రెండోసారి మూయడానికే తెరిచాడని అతని భుజం చూస్తే తెలిసింది.

రోకలి గోడకు ఆనించి ఉంది. అది ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో తెలియదు. కడుపున పుట్టినవాడి భుజం మీద, మెడకు పక్కగా, బియ్యం దంచినంత బలంతో కొట్టాను. అతను తిరిగి నన్ను చూశాడు. నమ్మలేనట్టు చూశాడు. నేను రెండో దెబ్బ మోకాలి మీద కొట్టాను. ఎముక పలికింది. కింద పడ్డాడు.

"అవ్వా!" అన్నాడు. నాలుగేళ్లప్పుడు తేలు కుట్టినప్పుడు కూడా ఇలాగే పిలిచాడు.

లేవబోయాడు. నేను రోకలి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. "లేస్తే ఇంకోటి పడుతది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లేవలేదు.

సక్కుబాయి పరుగెత్తుకుని వచ్చి సరోజన చెయ్యి తన కొంగులో చుట్టింది. ఆటో పిలిచింది. మంచిర్యాల సర్కారు దవాఖానకు పోయేదాకా సరోజన ఏడవలేదు. "డబ్బా, డబ్బా" అని మాత్రం గొణిగింది.

"నా మంచం కింద పెట్టించిన. జర ఊకో," అంది సక్కుబాయి.

దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రెండు వేళ్లు నుజ్జయ్యాయనీ, తీసేయాల్సి రావచ్చనీ చెప్పాడు. దెబ్బల కేసు కాబట్టి పోలీసును పిలిపించాడు. అక్కడే డ్యూటీలో ఉండే హెడ్ కానిస్టేబుల్ కొమురెల్లి రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. నా వయసువాడిలా ఉన్నాడు, విసుగ్గా ఉన్నాడు.

"ఎట్ల తాకింది బిడ్డా?"

సరోజన నా వైపు చూసింది. కార్డు పాడైన రోజు చూసినట్టే చూసింది. "తలుపు పడ్డది సారు," అంది.

అతను రాసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడే వరండాలోకి ఇంకో ఆటో వచ్చింది. క్వార్టర్ల వాళ్లు ఇద్దరు రాయమల్లును మోసుకొచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టారు. మోకాలు గుమ్మడికాయంత అయింది. కుడిచెయ్యి వేలాడుతోంది.

"అవ్వా, నీళ్లు," అన్నాడు నన్ను చూసి.

నేను హెడ్ కానిస్టేబుల్ చేతిలోని పెన్ను వైపు చూశాను. "తలుపు పడ్డది" దాకా రాసి ఉంది. తిరగేసి ఉన్నా చదవగలిగాను.

"అది కొట్టెయ్యి సారు," అన్నాను. "తలుపు పడలే. నా కొడుకు ఏసిండు తలుపు. నా కోడలి వేళ్లు సందుల పెట్టి ఏసిండు. పేరు రాయమల్లు. అదిగో, ఆ బల్ల మీద కూసున్నోడు."

కొమురెల్లి పెన్ను ఆపాడు. లేచి నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"అవ్వా, నువ్వు పెద్దమనిషివి. సొంత కొడుకు మీద కంప్లెయింట్ ఇస్తున్నవ్. కేసైతే లోపలేస్తరు. నౌకరి ఉంటదో ఊడుతదో తెల్వది. నౌకరి పోతే క్వార్టర్ పోతది. ఏడికి పోతవ్ నువ్వు?"

"ఎరుక లేదు."

"పెద్దోడున్నడా?"

"ఉన్నడు. ఏడున్నడో తెల్వది."

"మరి? జర ఆలోచన చెయ్యి. ఇండ్లల్ల ఉంటయి గిసొంటియి."

రెండు రోజుల కింద సక్కుబాయితో నేను చెప్పింది అదే మాట. ఇంకొకరి నోట వింటే ఎంత కఠినంగా ఉందో.

"అవ్వా, నీళ్లియ్యవే," అని వెనక నుంచి రాయమల్లు మళ్లీ అడిగాడు. అరవడం లేదు. నిజంగా దప్పికతోనే అడుగుతున్నాడు.

"రాసుకో సారు," అన్నాను. "దసరా నాడు కొట్టింది కూడ రాసుకో. అంతకు ముందు గోడకు కొట్టింది రాసుకో. నేను ఇంట్లనే ఉన్న, అన్నీ చూసిన. చూసుకుంట ఊకున్న అని కూడ రాసుకో."

"ఆయన మోకాలు?"

"నేనే కొట్టిన. రోకలితోటి. నా మీద గూడ రాయి."

అతను నిట్టూర్చి, పాత లైను కొట్టేసి, కొత్తగా రాశాడు. నేను ఒక్కొక్కటే చెబుతుంటే సరోజన కళ్లు మూసుకుని వింటోంది. కట్టు లోంచి నెత్తురు ఊరుతోంది. రాసింది చదివి వినిపించి కింద నాతో సంతకం పెట్టించుకున్నాడు.

"రేపో ఎల్లుండో దవాఖానోళ్లు పంపిస్తే నిర్మల్‌ల మా చిన్నమ్మ రామవ్వ తాన్కి పోత," అంది సరోజన, కళ్లు తెరవకుండానే. "ఇంక ఆ ఇంటికి రాను అత్తమ్మా."

"పో బిడ్డా," అన్నాను. "నేనే బస్సెక్కిస్త."

తరువాత కుండ దగ్గరికి పోయి గ్లాసు నింపుకుని రాయమల్లు దగ్గరికి వెళ్లాను. కొమురెల్లి అతని పక్కన నిలబడి పేరు, బాయి నంబరు అడుగుతున్నాడు. రాయమల్లు నన్ను చూశాడు.

"రాయించినవా?"

"రాయించిన."

ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు. కొన్ని నీళ్లు చొక్కా లేని ఛాతీ మీద ఒలికాయి. మిగిలినవన్నీ తాగాడు. ఖాళీ గ్లాసు కోసం నేను చెయ్యి చాపాను. అతను దాన్ని నా చేతికివ్వకుండా, వంగి, నేల మీద పెట్టాడు.